సాంచాల నడుమ మాట

సిరిసిల్ల,
14 జూలై 2024

చిరంజీవి శ్రీలతకు మేనమామ రాజలింగం దీవెనలు.

ఇన్నేళ్ల తర్వాత ఈ మామ ఎందుకు రాస్తున్నాడా అనుకుంటావు. పోయిన ఆదివారం ఇక్కడి గ్రంథాలయంలో ఒక మాసపత్రిక తిరగేస్తుంటే ‘దూరపు తెర’ అనే కథ కనిపించింది. కింద నీ పేరు, జగిత్యాలలో నువ్వు పాఠాలు చెప్పే బడి పేరు ఉన్నాయి. మా దేవమ్మ బిడ్డ రాసిన కథ కదా అని నిలబడే చదివాను. తర్వాత కూర్చుని మళ్లీ చదివాను. పత్రిక మూసేటప్పుడు పక్కనున్నాయన నన్ను అదోలా చూశాడు. బహుశా నాలో నేనే నవ్వుకుంటున్నానేమో.

మూడు వందల ఏళ్లు ప్రయాణం చేసే ఓడ, దాని తెరచాపకు కావలసిన బట్టను ఓడలోనే నేసే అమ్మాయి, భూమిని చూడకుండానే ముసలిదైపోయిన ఆమె నాయనమ్మ. అన్నీ బాగున్నాయి. ఒక్కటే కుదరలేదు. ఆ ఓడలో బరువు ఉండదని రాశావు. నేను నలభై ఏళ్లుగా సాంచాల మీద పనిచేస్తున్నాను. మీ పుస్తకాల్లో వాటినే మరమగ్గాలంటారు. పోగుల నుంచి నూగు లేస్తూనే ఉంటుంది. ఇక్కడైతే అది నేల మీద పడుతుంది, ఊడ్చి పారేస్తాం. బరువు లేని చోట నూగు కింద పడదు బిడ్డా. గాలిలో తేలుతూ అందరి ముక్కుల్లోకి పోతుంది. నీ ఓడలో వాళ్లు నెల తిరక్కముందే దగ్గుతూ మంచం పడతారు. మూడు వందల ఏళ్ల మాట తర్వాత.

నాకు ఈ కథల పిచ్చి పదమూడో ఏట పట్టింది. పల్లీలు కట్టి ఇచ్చిన కాగితం మీద ఏదో పాత సీరియల్ పేజీ ఉంది. ఒకడు బావిలోకి దిగుతాడు, అడుగున ఇంకో ఆకాశం, అందులో పచ్చటి చంద్రుడు. అక్కడితో పేజీ అయిపోయింది. ఆ రోజు నుంచి ఇలాంటివి ఏవి దొరికితే అవి చదివాను. పాతకాగితాల దుకాణంలో ఏరి తెచ్చి, కోరాబట్ట ముక్కలతో అట్టలు కుట్టి పెట్టుకున్నాను. మూడు ట్రంకులు నిండాయి. మీ అత్త బాలవ్వ వాటిని ఇంట్లో నాలుగో మనిషి అంటుంది. ఉన్నది ఇద్దరమే, మరి మూడో మనిషి ఎవరో చెప్పదు.

ఫోన్ చేయకు. ఫోన్లో మాట్లాడటం నాకు కుదరదు. ఉత్తరమే రాయి.

నీ మామ,
రాజలింగం

*

జగిత్యాల,
21 జూలై 2024

మామా,

నీ ఉత్తరం ప్రిన్సిపాల్ గది నుంచి స్టాఫ్‌రూమ్ దాకా అందరి చేతులూ తిరిగి నాకు చేరింది. ఈ రోజుల్లో ఉత్తరం వస్తే కోర్టు నోటీసేమోనని అందరికీ భయం. నూగు సంగతి చదివి తల పట్టుకున్నాను. నేను ఫిజిక్స్ టీచర్‌ని, నేతవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, రెండింటిలోనూ నాకు తట్టలేదు. ఓడ బొంగరంలా తిరుగుతూ ఉంటే లోపల బరువు పుడుతుంది. అలా మార్చి రాస్తాను.

నువ్వు ఇవన్నీ చదువుతావని నాకు తెలియనే తెలియదు. మన ఇంట్లో ఇలాంటిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. నాకు గ్రహాంతరవాసుల భాషల కథలంటే ప్రాణం. మొదటి పేజీలో ఏమీ అర్థం కాకూడదు. పదో పేజీకి వాళ్ల మాట మన మాటలా అయిపోవాలి. శనివారం అమ్మ దగ్గరికి కోరుట్ల పోయే బస్సులో ఫోన్‌లో చదువుతూ రెండుసార్లు స్టాప్ దాటి మెట్‌పల్లి దాకా పోయాను. ఎనిమిదో తరగతి పిల్లల్ని, బరువు రెట్టింపు ఉండే గ్రహం మీద ఎలాంటి జంతువు ఉంటుందో గీయమన్నాను. ఒకమ్మాయి ఎనిమిది కాళ్ల బర్రెను గీసి కింద ‘పాలు ఎక్కువ ఇస్తది’ అని రాసింది.

నీ ఉత్తరం వచ్చిందని అమ్మకు చెప్పలేదు మామా. నీ మాట ఎత్తితే అమ్మ లేచి లోపలికి పోతుంది. ఆరేళ్ల కింద అమ్మమ్మ దినాల రోజు ఏదో జరిగిందని తెలుసు. అప్పుడు నేను పరీక్షలకని ముందే వచ్చేశాను. ఏమైందంటే చెప్పదు. నీకు తెలిస్తే రాయి. రాయకపోయినా సరే, కథల గురించి మాత్రం రాయడం ఆపకు.

నీ కోడలు,
శ్రీలత

*

సిరిసిల్ల,
2 ఆగస్టు 2024

చిరంజీవి శ్రీలతకు,

ఎనిమిది కాళ్ల బర్రె మాట మీ అత్తకు చెప్పాను. ఎనిమిది కాళ్లుంటే తన్నడానికి కూడా ఎనిమిదే, పిండేదెవరు అంది. ఆ పిల్లకు చెప్పు.

బొంగరం ఓడ బాగుంది. నేను మాత్రం మంత్రాల పక్షం. యంత్రం ఉన్నచోట మనిషి చేయి ఊరుకుంటుంది. మంత్రం ఉన్నచోట మనిషి ఏదో ఒకటి వదులుకోవాలి. ఏదీ పోగొట్టుకోకుండా దొరికిన మంత్రం నాకు రుచించదు. ఒక కథలో రాజకుమారి పక్షి అవుతుంది, అయిన ప్రతిసారీ ఒక జ్ఞాపకం మరిచిపోతుంది. చివరిసారి ఎగిరేటప్పుడు ఎక్కడికి పోవాలో మరిచిపోయి ఉంటుంది. అది చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. పుస్తకం మొదట్లో పటం వేసి ఉంటే ఇంకా ఇష్టం. కథ మొదలు పెట్టకముందే వేలితో ఆ ఊళ్లన్నీ తిరిగి వస్తాను.

ఈ పిచ్చికి మొదటి శ్రోత ఎవరో తెలుసా, మీ అమ్మ. నాకు పధ్నాలుగు, దానికి ఎనిమిది. అది నూలు కండెలు చుడుతూ ఉండేది, నేను చదివినవీ చదవనివీ కలిపి చెబుతూ ఉండేవాణ్ణి. కథ ఆగితే రాట్నం ఆగేది. మా అవ్వ, అదే మీ అమ్మమ్మ, వచ్చి ఇద్దరి వీపులూ చరిచేది.

ఆరేళ్ల కింద ఏం జరిగిందంటే, నాకూ తెలియదు బిడ్డా. అవ్వ దినాలు అయిన తర్వాత దేవమ్మ రావడం మానేసింది. రాఖీ పండుగకూ రాలేదు. అవ్వ ఉన్నన్నాళ్లే పుట్టిల్లు అనుకుందేమో, అన్న అక్కరలేడనుకుందేమో. అడిగే ముఖం లేక ఊరుకున్నాను.

మామ రాజలింగం

*

జగిత్యాల,
20 ఆగస్టు 2024

మామా,

నిన్న రాఖీ. అమ్మ దగ్గరికి పోయాను. గడపలో కూర్చుని బీడీలు చుడుతూనే ఉంది. వాడకట్టులో ఆడవాళ్లంతా కొత్త చీరలు కట్టుకుని అన్నల ఇళ్లకు పోతుంటే, ఆకు కత్తిరిస్తూ తల ఎత్తలేదు. నీకు తెలియదని రాశావు కదా, ఆ మాట నమ్మాలని ఉంది.

సరే, ఒక మంచి కబురు. జగిత్యాలలో మాలాంటి వాళ్లం పదకొండు మందిమి ఉన్నాం. ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం, పేరు చుక్కల గుంపు. ఒకాయన మందుల దుకాణం నడుపుతాడు, కాలంలో వెనక్కి పోయే కథలు తప్ప చదవడు. నా స్నేహితురాలు సంధ్య నర్సు, దానికి రాక్షసులు కావాలి. ఒకరోజు అందరం కూర్చుని మాట్లాడుకోవాలని అనుకుంటున్నాం. నీ ట్రంకుల సంగతి చెబితే సంధ్య నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నువ్వు కథలు చెప్పేవాడివి కదా. ఎప్పుడైనా ఒకటి రాశావా? ఉంటే పంపు. లేకపోతే ఇప్పుడు రాయి.

నీ కోడలు,
శ్రీలత

*

సిరిసిల్ల,
5 సెప్టెంబర్ 2024

చిరంజీవి శ్రీలతకు,

రాయమన్నావు కాబట్టి రాశాను. ఎవరికీ చూపలేదు, బాలవ్వకు కూడా. పది రోజులు పట్టింది. పొడుగ్గా రాయడం నాకు రాదు.

ఒక నేతగాడు కొండ మీది యక్షుడికి బట్ట నేస్తానని ఒప్పుకుంటాడు. అది ప్రపంచంలో ఎవరూ నేయనంత పలుచటి బట్ట. యక్షుడు నూలు ఇవ్వడు. నీ చెవిలో పడే చప్పుళ్లనే పోగులుగా తీసి నెయ్యి అంటాడు. నేతగాడు మొదట పిట్టల చప్పుడు తీస్తాడు. దాంతో మూరెడు బట్ట అవుతుంది, కానీ ఆ తర్వాత అతనికి పిట్టలు వినపడవు. తర్వాత వాన చప్పుడు, తర్వాత పిల్లల అల్లరి. చివరికి ఇంట్లోవాళ్ల గొంతులు. ఎవరికైనా ఈ సంగతి చెబితే నేసిన బట్టంతా బూడిద అవుతుందని యక్షుడి షరతు. అందుకని అతను ఎవరికీ చెప్పడు. మనుషులు మాట్లాడుతుంటే నవ్వుతాడు, తల ఊపుతాడు. బాగా విన్నవాడిలాగే ఉంటాడు.

ముగింపు నాకు తోచలేదు. ఎలా ఉందో నిర్మొహమాటంగా రాయి.

మామ రాజలింగం

*

జగిత్యాల,
12 సెప్టెంబర్ 2024

మామా,

చప్పుళ్లను పోగులుగా తీయడం అద్భుతంగా ఉంది. నిర్మొహమాటంగా రాయమన్నావు కాబట్టి ఒక లోపం చెబుతాను. నేతగాడు ఎందుకు చెప్పడు? చెవులు పోతున్న మనిషి మొదటి రోజే ఇంట్లో చెబుతాడు. బట్ట బూడిద అయితే అవనీ అనుకుంటాడు. చెప్పకుండా నవ్వుతూ తల ఊపుతూ తిరిగేవాణ్ణి ఎవరు నమ్ముతారు? చదివేవాళ్లకు అతని మీద జాలి కలగదు, ఇంత మూర్ఖుడా అనిపిస్తుంది. అక్కడ గట్టి కారణం ఏదైనా పెట్టు. ఇంకో సంగతి, ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఉంటుందా? అదీ కుదరలేదు.

చుక్కల గుంపు కలిసే రోజు ఖాయమైంది. అక్టోబర్ 27, ఆదివారం పొద్దున, మా బడి హాల్లో. పాత వారపత్రికల కథల గురించి మాట్లాడేవాళ్లు నువ్వు తప్ప ఎవరూ లేరు. తప్పకుండా రావాలి.

నీ కోడలు,
శ్రీలత

*

సిరిసిల్ల,
24 సెప్టెంబర్ 2024

శ్రీలతకు,

నువ్వు రాసింది నిజమే. ఆ కథ పక్కన పెట్టేశాను.

ఆదివారం వస్తాను. వెనుక కూర్చుంటాను. మాట్లాడమని మాత్రం అడగకు.

రాజలింగం

*

జగిత్యాల,
28 అక్టోబర్ 2024

మామా,

నిన్న జరిగినదాని గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

నువ్వు వచ్చావని తెలియగానే నాకు ఎంత సంతోషమైందో నీకు తెలియదు. మాట్లాడమని అడగవద్దన్నావు, నిజమే. బిడియపడుతున్నావనుకున్నాను. మైకులో మా మామ వచ్చారు, ఒక్కసారి ముందుకు రావాలి అని మూడుసార్లు పిలిచాను. అందరూ చప్పట్లు కొడుతూ నీ వైపు తిరిగారు. నువ్వు లేచి, చేతులు జోడించి, తలుపు తీసుకుని వెళ్లిపోయావు. నేను రోడ్డు దాకా పరుగెత్తాను. ఆటో ఎక్కుతుంటే వెనుక నుంచి పిలిచాను. తిరిగి చూడలేదు.

సాయంత్రం కోరుట్ల పోయి అమ్మ దగ్గర ఏడ్చాను. నీ ఉత్తరాల సంగతి అప్పుడే చెప్పాను. అమ్మ నన్ను తిట్టలేదు. ఆరేళ్లుగా చెప్పనిది చెప్పింది. అమ్మమ్మ దినాల రోజు వాకిట్లో అందరి ముందూ నిన్ను మూడుసార్లు అన్నా అన్నా అని పిలిచిందట. నువ్వు తిరిగి చూడకుండా నడుచుకుంటూ పోయావట. “చెల్లె పిలుస్తుంటె ఇనకుంట పోయిండు” అని ఆడవాళ్లు అనుకున్నారట. అయినా నెల తర్వాత అమ్మే ఫోన్ చేసింది. “ఇగ నేను గా ఇంటికి రావొద్దా అన్నా?” అని ఏడుస్తూ అడిగింది. నువ్వు “మంచిది, మంచిది. ఉంట మరి” అని పెట్టేశావు.

నిన్నటిదాకా నేను ఇది నమ్మేదాన్ని కాదు. పరాయివాళ్లకైనా కారణం చెబుతాం. ఆమె నీ చెల్లె.

శ్రీలత

*

సిరిసిల్ల,
3 నవంబర్ 2024

బిడ్డా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతున్నాను. నేను రావొద్దా అని దేవమ్మ అడిగిందా? ఏడుస్తూ అడిగిందా?

నాకు వినపడదు శ్రీలతా.

ఇది మొదటిసారి రాస్తున్నాను. రాయడానికే రెండు రోజులు పట్టింది. పదేళ్ల కింద మొదలైంది. సాంచాల మోతలో ఇంతకాలం పనిచేసినవాళ్లలో చాలామందికి అంతే. కొంచెం కొంచెంగా పోయింది కాబట్టి పోతున్నట్టు తెలియలేదు. అవ్వ పోయేనాటికి ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే తప్ప తెలిసేది కాదు. ఇప్పుడు కుడిచెవి పూర్తిగా పోయింది.

ఫోన్లో ఎవరు ఏం చెప్పినా మంచిది అంటాను. చాలాసార్లు సరిపోతుంది. సరిపోకపోతే వాళ్లే మళ్లీ చెబుతారు. మీ అమ్మ మళ్లీ చెప్పలేదు. దాని గొంతు గుర్తుపట్టాను, అంతే. అవ్వ గురించి ఏదో మాట్లాడుతోంది, బాధలో ఉంది, ఎదురు చెప్పకుండా ఉంటే చాలు అనుకున్నాను. మంచిది అన్నాను. ఆ తర్వాత అది రాకపోతే నేనే అలిగాను. చూడు, నేను అలిగాను.

దినాల రోజు అది పిలిచిందని ఇప్పుడు నువ్వు చెబితేనే తెలిసింది.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. కథ విషయంలో అదే అడిగావు. నేను ఎనిమిది సాంచాలు చూస్తాను. పోగు తెగితే, అటూ ఇటూ తిరిగే నాడె సరిగా పోకపోతే చప్పుడులోనే తేడా తెలుస్తుంది. సాంచాల యజమాని, మా ఆసామి సాయిలుకు నా చెవుల సంగతి తెలిస్తే సగం సాంచాలు తీసి ఇంకొకరికి ఇస్తాడు. అందుకే నేల మీద చెప్పుల్లేకుండా నిలబడతాను. మోత పాదాల్లో తెలుస్తుంది, ఏది ఆగినా పాదమే చెబుతుంది. అది ఒక కారణం. ఇంకోటి సిగ్గు. షెడ్డులో అందరికీ పేపర్ చదివి వినిపించిన మనిషిని. చెవిటోడు అన్న పేరు పెట్టించుకోబుద్ధి కాలేదు. బాలవ్వకు తెలుసు. నా తరఫున వినీ, మాట్లాడీ దాని గొంతు అరిగిపోయింది.

నిన్ను కష్టపెట్టాను. ఆ రోజు హాల్లో నాకు ఒక్క మాటా అందలేదు. అయినా సంతోషంగానే కూర్చున్నాను. గోడల మీద మీరు అతికించిన గ్రహాల బొమ్మలు చూశాను. మందుల దుకాణం ఆయన చేతులు తిప్పుతూ మాట్లాడుతుంటే ఏ కథ చెబుతున్నాడో ఊహించాను. తర్వాత నువ్వు మైకు పట్టుకున్నావు, అందరూ తిరిగి నన్నే చూస్తూ నవ్వారు. ఎందుకో తెలియలేదు. దండం పెట్టాను. ఇంకా చూస్తున్నారు. ఏదో తప్పు చేశాననుకున్నాను. బయటికి వచ్చేశాను. రోడ్డు మీద నువ్వు పిలుస్తున్నావని తెలిస్తే పోయేవాణ్ణా?

దేవమ్మకు చెప్పకు. ఆరేళ్లు అన్న గర్విష్ఠి అనుకుంది. ఇప్పుడు పాపం అనుకుంటే నేను తట్టుకోలేను.

మామ

*

జగిత్యాల,
10 నవంబర్ 2024

మామా,

నువ్వు చెప్పవద్దన్నది నేను చెప్పేశాను. కోపం వస్తే నా మీద పడు.

ముందు నేను చేసినది ఒప్పుకోవాలి. ఆ కథలో నేతగాణ్ణి మూర్ఖుడన్నాను. ఎవరూ నమ్మరన్నాను. గ్రహాంతరవాసుల భాష అర్థం చేసుకునే కథలు వంద చదివినదాన్ని, నీ ఉత్తరం నాకు అర్థం కాలేదు. ఫోన్ చేయకు అని మొదటి ఉత్తరంలోనే రాశావు. పాతకాలం మనిషి, ఎంత ముద్దుగా ఉందో అని సంధ్యకు చూపించి మురిసిపోయాను. ఆ కథ పక్కన పెట్టకు మామా. ఒక్క మాట మార్చనక్కరలేదు.

నిన్న శనివారం కోరుట్ల పోయాను. అమ్మ ముందు చాటలో ఆకు పెట్టుకుని కత్తిరిస్తోంది. నీ ఉత్తరం పైకి చదివాను. ‘నాకు వినపడదు’ అన్న చోట కత్తెర ఆగింది. చివరిదాకా చదివాను. తర్వాత ఒక్కటే అడిగింది. “ఫోన్ల గుడ ఇనవడలేదా?” లేదమ్మా అన్నాను. అమ్మ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చాట పక్కకు జరిపి లేచి ముఖం కడుక్కుంది. అన్నం తినమంటే తర్వాత అంది. నేను పొద్దున్నే వచ్చేశాను.

సంధ్యను అడిగాను. కరీంనగర్‌లో చెవి పరీక్ష చేస్తారట. ఎంత పోయింది, ఎంత మిగిలింది అని కాగితం మీద గీత గీసి చూపిస్తారట. మిగిలిన దానికి మిషన్ పెట్టవచ్చట. నువ్వు ఒప్పుకుంటే నేను తీసుకుపోతాను. సాయిలు గారికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం.

అమ్మ ఏం చేస్తుందో నాకు తెలియదు.

నీ కోడలు,
శ్రీలత

*

సిరిసిల్ల,
14 నవంబర్ 2024

చిరంజీవి శ్రీలతకు,

నీ ఉత్తరం నాకు నిన్న అందింది. మీ అమ్మ దానికంటే ముందే వచ్చింది.

సోమవారం పదకొండు గంటలప్పుడు షెడ్డులో ఉన్నాను. ఎనిమిది నావి, అవతల వరుసలో ఎనిమిది వేరేవాళ్లవి, పదహారు సాంచాలూ నడుస్తున్నాయి. వంగి తెగిన పోగు కడుతున్నాను. తల ఎత్తితే ఎదురుగా దేవమ్మ. కొంగు నడుముకు దోపుకుని, చేతిలో సంచి పట్టుకుని నిలబడింది. బస్సు దిగి నేరుగా షెడ్డుకే వచ్చిందట. ఇంటికి కూడా పోలేదు.

చిన్నప్పుడు మా ఇంట్లో నాలుగు సాంచాలు ఉండేవి. అవి నడుస్తుంటే ఎంత మంచి చెవులున్నవాళ్లకైనా ఏమీ వినపడదు. అందుకని పెదవులు పెద్దగా కదిపి, చేతులతో చూపి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పటికీ షెడ్డుల్లో అంతే. దేవమ్మకు పెళ్లయి పోయి ముప్ఫై ఏళ్లు అయింది. మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను. అది సంచి కింద పెట్టి, నా కళ్లలోకి చూసి, పెదవులు కదిపింది. ఒక్క మాట కూడా నాకు తప్పిపోలేదు. షెడ్డులో పని మాటలు వదిలేస్తే, పదేళ్లలో ఒక మనిషి చెప్పింది మొత్తం అర్థం కావడం అదే మొదటిసారి. ఆ మోతలో దానికీ నాకూ తేడా లేదు.

ఆ రోజు ఎందుకు పిలిచావని అడిగాను.

“పొద్దుగాల్నుంచి నువ్వు ఏం తినలె. తినిపొమ్మని పిలిచిన. గంతే,” అంది.

నాకు గుర్తుంది. ఆ రోజు చుట్టాలను బస్సు ఎక్కించడానికి పోతున్నాను. అందరికీ వడ్డించాను, నేను తినలేదు. ఇంట్లో అంతమందిలో అది ఒక్కతే చూసింది.

“ఫోన్ల నువ్వు మంచిది అన్నవు,” అంది.

చేయి అడ్డంగా ఊపాను. కాదు, కాదు అని. సాంచా ఆపాలన్న ధ్యాస కూడా లేదు, రెండింట్లో పోగులు తెగి ఆగిపోయాయి, నా పాదాలకు తెలియనేలేదు. అది ముందుకొచ్చి, నా చేయి పట్టుకుని ఆపింది. కండెలు చుట్టే మొగిలవ్వ అటు మూల నుంచి అంతా చూసిందట. పెదవులు చదవడం ఆమెకూ వచ్చు కదా. కళ్లు తుడుచుకుంటూ పోయి సాయిలును పిలుచుకొచ్చింది.

సాయిలుకు నేనే చెప్పాను. దాచడానికి ఇంకేం మిగలలేదు. ఆయన, నా షెడ్డులో సగం మందికి వినపడదు, నువ్వు పెద్ద రహస్యం దాచావా అన్నట్టు చేయి తిప్పాడు. ఎనిమిదికి బదులు ఆరు చూడమన్నాడు. కొంచెం బాధే, కానీ న్యాయం తప్పలేదు.

మీ అమ్మ రెండు రోజులుంది. కరీంనగర్ పోదామని అదీ అంటోంది. పాపం అనుకుంటుందని భయపడ్డాను కదా, అలా ఏమీ లేదు. చిన్నప్పటిలాగే తిడుతోంది. “చెవులు పోతె పోయినయి, చేతులు లేవా, ఒక కార్డు ముక్క రాయరాదా?” అంది. నీకు ఇన్ని పేజీలు రాశాను, దానికి ఒక్క ముక్క రాయలేదు.

మామ రాజలింగం

*

కోరుట్ల,
8 డిసెంబర్ 2024

చిరంజీవి శ్రీలతకు,

ఈసారి పైన ఊరి పేరు చూశావా. నిన్న బాలవ్వా నేనూ వచ్చాం. నువ్వు పిల్లల్ని సైన్స్ ప్రదర్శనకు తీసుకుపోయావని, వచ్చే ఆదివారం దాకా రావని మీ అమ్మ చెప్పింది. అందుకని మీ ఇంట్లోనే కూర్చుని నీకే ఉత్తరం రాస్తున్నాను.

ఎడమచెవికి మిషన్ పెట్టి ఎనిమిది రోజులైంది. నువ్వు పక్కనుండి పెట్టించావు, తర్వాత సంగతి చెప్పాలి కదా. మాట స్పష్టంగా రాదు. గిన్నెల చప్పుడు మాత్రం ఉరుములా వస్తుంది. మొదటి రోజు చిటపటమని ఏదో వింత శబ్దం వస్తుంటే ఏంటా అని ఇల్లంతా వెతికాను. బాలవ్వ పోపు వేస్తోంది. ఎదురుగా కూర్చున్న మనిషి మాట, పెదవులు చూస్తూ వింటే సగం పైనే అందుతోంది. కుడిచెవి రాదని డాక్టర్ తేల్చేశాడు. రానిది రాదు.

జనవరిలో చుక్కల గుంపు మళ్లీ కలుస్తుందన్నావు. వస్తాను. ఈసారి మాట్లాడతాను కూడా. ప్రశ్నలు మాత్రం బోర్డు మీద రాయమను. మందుల దుకాణం ఆయనకు చెప్పు, కాలంలో వెనక్కి పోయే పాత కథలు నా దగ్గర పదకొండు ఉన్నాయి, చూపిస్తాను, ఇవ్వను. సంధ్యకు రాక్షసుల ట్రంకు తెస్తాను.

నువ్వు మార్చి రాసిన ‘దూరపు తెర’ పొద్దున మీ అమ్మకు చదివి వినిపించాను. బీడీలు చుడుతూ వింది. వాడకట్టు నుంచి ఇంకో ముగ్గురు వచ్చి కూర్చున్నారు. బొంగరం ఓడ, నూగు ఊడ్చే యంత్రం, ముసలి నాయనమ్మ, అన్నీ శ్రద్ధగా విన్నారు. అయిపోగానే మీ అమ్మ నా ముందుకు జరిగి అడిగింది. “మూడు వందల ఏండ్లు గంతమంది పోతున్నరు గదా. వంట ఎవలు చేస్తున్నరు?”

మళ్లీ మొదటి నుంచి చూశాను. ఎక్కడా లేదు. నక్షత్రాల దూరాలన్నీ లెక్క కట్టావు, బట్ట నేయించావు, ఒక్కరికీ అన్నం పెట్టలేదు. నాకూ తట్టలేదు, నలభై ఏళ్లుగా ఇవే చదువుతున్నాను. దాని ప్రశ్నకు నువ్వే జవాబు రాయాలి.

ఇంకా రాయాలని ఉంది. కానీ మీ అమ్మ విస్తరి వేసి, ఎదురుగా వచ్చి నిలబడింది. తిని రాస్తాను అంటే ఒప్పుకోవడం లేదు. కలం చేతిలోంచి తీసుకుంటోం